మేనత్త అద్దె

బల్లరాట్,
2023 ఏప్రిల్ 12

జనీన్‌కి, నీ నార్మా అత్త పలకరింపు.

ఉత్తరం చూడగానే ఎవరో పోయారని గుండె పట్టుకోకు. పోయింది నా ఫోను ఒక్కటే. నెలనెలా దానికి కట్టే డబ్బుతో నాకు పది రోజుల పాలూ రొట్టే వస్తాయి. పోనీ చేసేదెవరయ్యా అంటే, "మేడమ్, మీ కంప్యూటర్ పాడైపోయింది" అనే దొంగ వెధవలు. నాకు కంప్యూటరే లేదురా అంటే వినడు. మొన్న ఒకణ్ణి పట్టుకుని వాడి పెళ్ళి సంగతులన్నీ పావుగంట అడిగాను. చివరికి వాడే పెట్టేశాడు. మర్నాడే వెళ్ళి కనెక్షన్ తీయించేశాను. ఇకమీదట నాతో మాట్లాడాలంటే కాగితం, కలం పట్టుకోవలసిందే.

నా గురించి బెంగపెట్టుకోకు. రాణీలా బతుకుతున్నాను. పెన్షన్ సరిపోతోంది. స్కూలు క్యాంటీన్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆరువందల మంది పిల్లలకి తిండి పెట్టినదాన్ని, ఒక్క పొట్ట నింపుకోలేనా? గొర్రె మాంసం మానేశాను, డాక్టర్ కూడా మానమన్నాడులే. ఎదురింటి వాల్ ట్రెజైజ్ నీకు గుర్తుందిగా, క్యాంటీన్‌లో నాతోపాటు ఇరవై ఏళ్ళు బంగాళాదుంపలు చెక్కింది. మేమిద్దరం ఒక క్యాబేజీ కొని చెరిసగం పంచుకుంటున్నాం. పెద్ద సగం ఎవరిదని రోజూ పోట్లాట.

మీ నాన్న పోయి అప్పుడే రెండేళ్ళు. ఆస్పత్రిలో చివరి రోజున నీ చెయ్యి పట్టుకుని, "ఇల్లు నీదేనమ్మా, కానీ అక్క ఉన్నన్నాళ్ళు ఉండనీ" అన్నాడు. నేను మంచానికి అటుపక్కనే ఉన్నాను. ఆ మాట తల్చుకునే ఇక్కడ నిశ్చింతగా నిద్రపోతున్నాను.

డారిల్‌ని, ఇమోజెన్‌ని, చిన్నది టెస్‌ని అడిగానని చెప్పు.

ఏప్రిల్ కదా, దక్షిణాన ఇక్కడ చలికాలం మొదలవుతోంది. మీకేం, ఉత్తరాన టౌన్స్‌విల్‌లో చెమటలు తుడుచుకుంటూ చదువుతుంటావు.

నార్మా అత్త


టౌన్స్‌విల్,
2023 మే 3

నార్మా అత్తా,

నీ ఉత్తరం చదివి ఇంటిల్లిపాదీ నవ్వాం. ఆ ఫోను దొంగ ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడుతుంటాడు, పాపం.

ఇక్కడంతా బాగున్నాం. డారిల్ ఈమధ్య ఇంటిపట్టునే ఎక్కువ ఉంటున్నాడు, పిల్లలకి సంతోషంగా ఉంది. పోయిన వారమంతా సముద్రం ఒడ్డున గుడారం వేసుకుని గడిపాం. పిల్లలు గాలం వేసి చేపలు పట్టడం, మేం నిప్పుల మీద కాల్చుకుని తినడం. టెస్ అయితే, "మనం ఎప్పుడూ ఇలాగే ఉందామమ్మా" అని ఒకటే గొడవ.

ఒక సంగతి రాయాలి. ఎలా రాయాలో తెలీక మూడు కాగితాలు చింపేశాను. నాన్న ఇంటి మీద బ్యాంకు అప్పు ఉందని నీకు తెలుసుగా, ఈ ఇల్లు కొనడానికి తీసుకున్నది. వడ్డీ ఏడాదిలో పది పదకొండు సార్లు పెంచారు. నువ్విచ్చే అద్దె ఇప్పుడు వాయిదాలో సగానికి కూడా రావడం లేదు. అందుకని అద్దె వారానికి డెబ్బై డాలర్లు పెంచాలి. లెక్కప్రకారం అరవై రోజుల ముందు చెప్పాలట. మనం ఇంట్లోవాళ్ళం కదా, జూన్ ఒకటి నుంచే అనుకుందామా?

నువ్వే రాశావుగా, పెన్షన్ సరిపోతోందని, రాణీలా బతుకుతున్నానని. లేకపోతే అడిగేదాన్నే కాదు. ఇంత తక్కువ అద్దెకి మీ ఊళ్ళో కారు షెడ్డు కూడా దొరకదని ఏజెంటు అంటోంది. అవును, ఇంటి వ్యవహారం చూడటానికి ఒక ఏజెంటుని పెట్టాం. పేరు ఫెలిసిటీ. మంచి పిల్ల. డబ్బు ఇకమీదట ఆవిడకే కట్టు.

నాన్న ఆ మాట అన్నప్పుడు వడ్డీ రెండు శాతం ఉండేది అత్తా.

ప్రేమతో,
జనీన్


బల్లరాట్,
2023 మే 22

సముద్ర విహారాల జనీన్‌కి,

అద్దె కడతాను. డెబ్బై కాదు, నూట డెబ్బై అన్నా కట్టేదాన్ని. ఒకరి దయ మీద బతుకుతోందని నన్నెవరూ అనడానికి వీల్లేదు, ముఖ్యంగా నేను ముక్కు తుడిచిన పిల్ల. నువ్వు బడిలో చేరిన రోజున ఏడుస్తూ క్యాంటీన్ బల్ల కిందకి దూరి నా కాళ్ళు పట్టుకున్నావు. అప్పుడు నీకు బల్ల కింద చోటు ఇచ్చి అద్దె అడగలేదు. తెలివితక్కువ పని.

చేపలు రుచిగా ఉన్నాయా? ఇక్కడ పొద్దున్నే గడ్డి తెల్లగా గడ్డకట్టి ఉంటోంది. అడుగేస్తే కరకరమంటోంది. వాల్, నేను ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఒక వారం నా హీటర్ వెలిగించి ఇద్దరం నా ఇంట్లో, మరో వారం ఆవిడ హీటర్ వెలిగించి ఆవిడ ఇంట్లో. కరెంటు ఒక కొంపకే అవుతుంది. ఆవిడ ఇంట్లో కిటికీలు సరిగా పడవు, గాలి ఈలలు వేస్తుంది. అందుకని ఎక్కువగా ఇక్కడే. ఇంకేం, వాల్ తన కుర్చీ, కుట్టుపని, టీ కప్పూ తెచ్చేసుకుంది. ఇప్పుడు ఆవిడ కాపురం ఇక్కడే అనుకో. ఇంటద్దెలో సగం ఇస్తావా అని ఏడిపిస్తుంటాను. "ముందు నీ గురకకి నష్టపరిహారం ఇవ్వు" అంటుంది.

మీ నాన్న షెడ్డులో కర్రలు చెక్కే యంత్రం ఉండేదిగా, దాన్ని క్రెస్విక్ నుంచి వచ్చిన ఒకతనికి అమ్మేశాను. తుప్పు పడుతోంది. మంచి ధరే ఇచ్చాడు. నీ డెబ్బై డాలర్లు అందులోంచే కొన్ని వారాలు నడుస్తాయి. అయిపోయాక రంపాలున్నాయి, ఉలులున్నాయి. మీ నాన్న వస్తువులన్నీ ఒక్కొక్కటీ అలా నీ దగ్గరికే వచ్చేస్తాయిలే.

ఒళ్ళు నల్లబడకుండా ఏదైనా రాసుకో.

నార్మా


టౌన్స్‌విల్,
2023 జూన్ 10

మిస్ నార్మా పాస్కో గారికి,

మీ ఉత్తరం అందింది. ఎంతో ఆలోచించాకే ఇది రాస్తున్నాను.

షెడ్డులోని సామాను మీది కాదు. అది మా నాన్నగారిది, ఆయన తర్వాత నాది. ఇమోజెన్ చిన్నప్పుడు ఆ యంత్రం మీద తాతయ్య ఒళ్ళో కూర్చుని బొంగరం చేసింది. అది ఎప్పటికైనా తనకే అని దానికి మాట ఇచ్చాను. మీరు అడగనైనా అడగకుండా ఎవరో దారిన పోయేవాడికి అమ్మేసి, ఆ డబ్బు నాకే అద్దెగా కడుతున్నానని వేళాకోళం ఆడుతున్నారు. నా సొమ్ముతో నాకే అద్దె కట్టడం మీకు హాస్యంగా ఉందేమో, నాకు లేదు.

రెండో విషయం. ఇంటి బీమా కాగితాల్లో నివసించేది ఒక్కరే అని ఉంది. ఇంకొకరు ఉన్నారని తెలిస్తే, అద్దెలో సగం పంచుకుంటున్నారని తెలిస్తే, రేపు ఏదైనా జరిగినప్పుడు వాళ్ళు ఒక్క డాలరు ఇవ్వరు. మిసెస్ ట్రెజైజ్ గారు వెంటనే తన సామాను తీసుకుని తన ఇంటికి వెళ్ళాలి. ఈ నెలలో ఫెలిసిటీ వచ్చి చూస్తుంది. షెడ్డులో మిగిలిన వస్తువులన్నిటికీ ఫోటోలు తీస్తుంది. దయచేసి సహకరించండి.

మా విహారాల గురించి ఇక రాయకండి. మీకేం తెలుసని?

జనీన్ హాస్కింగ్


బల్లరాట్,
2023 జులై 18

జనీన్,

పుట్టి బుద్ధెరిగాక నన్ను 'మీరు' అన్నది ఇదే మొదలు. ఆ ఒక్క మాటే వందసార్లు చదివాను. తక్కినదంతా బీమా వాళ్ళ భాష. అది మాత్రం నీ సొంతం.

ఏం జరిగిందో వరసగా చెబుతాను, విను.

నీ ఫెలిసిటీ జూన్ ఇరవై ఎనిమిదిన వచ్చింది. మధ్యాహ్నం మూడయింది. వాల్ తన కుర్చీలో కూర్చుని దుప్పటి అంచు కుడుతోంది. ఆ పిల్ల తలుపు దగ్గర చెప్పులన్నా విడవకుండా లోపలికి వచ్చి, "మీరేనా ఇక్కడ అక్రమంగా ఉంటున్నది?" అని ఆవిణ్ణి అడిగింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషిని.

"ఉండటం లేదమ్మా, వెచ్చగా ఉంటుందని వచ్చాను" అంది వాల్.

"ఈ కుర్చీ ఎవరిది?"

"నాది."

"ఆ కప్పు?"

"అదీ నాదే."

"మరి ఉండకపోవడం అంటే ఏమిటండీ?" అని ఫోటో తీసింది. వాల్‌ని, కుర్చీని, కప్పుని.

నేను నోటికి వచ్చినవన్నీ అన్నాను, అది వేరే సంగతి. వాల్ దుప్పటి మడిచి సంచిలో పెట్టుకుంది. "నా వల్ల నీ ఇల్లు పోతే నాకు అన్నం సయించదు నార్మా" అంది. కుర్చీ నేనే మోసుకుంటూ వీధి దాటించాను. తర్వాత ఎన్నిసార్లు పిలిచినా గడప దాటలేదు. పోనీ నేనే వస్తానంటే, "మా ఇంట్లో హీటర్ బాగుచేయడానికి ఇచ్చాను, రాకు" అంది. అబద్ధం. హీటర్ ఉంది. వెలిగించడం లేదంతే. నేను వస్తే వెలిగించాలి కదా.

జులై ఎనిమిదో తారీఖు, శనివారం, వాల్ తన చెత్తబుట్ట వీధిలోంచి లోపలికి తీయలేదు. నేను వెనక తలుపు తీసుకుని వెళ్ళాను. కోటు, దాని మీద ఇంకో కోటు, తలకి ఊలు టోపీ. కుర్చీలోనే ఉంది. ఒళ్ళో వేడినీళ్ళ సంచి. రాయిలా చల్లగా.

న్యుమోనియా అని రాశారు. రాసేవాళ్ళకి ఏదో ఒకటి రాయాలి.

నీ బీమా ఇప్పుడు భద్రంగా ఉంది. నివసించేది ఒక్కరే.

నార్మా పాస్కో


టౌన్స్‌విల్,
2023 జులై 19

మిస్ నార్మా పాస్కో గారికి,

బల్లరాట్ ఇల్లు అమ్మకానికి పెట్టాలని మేం నిర్ణయించుకున్నాం. ఇందుతో పంపిన నోటీసు ప్రకారం మీరు అరవై రోజుల్లో ఖాళీ చేయాలి. ఈలోగా కొనేవాళ్ళు ఇల్లు చూడటానికి వస్తారు. గదులు శుభ్రంగా ఉంచగలరు.

మరో మార్గం లేక చేస్తున్నాం. కారణాలు అడగకండి.

మిసెస్ ట్రెజైజ్ గారిని అడిగానని చెప్పండి. ఆవిడ ఇంట్లో మీకు ఒక గది ఇవ్వచ్చు కదా. మీ ఇద్దరికీ ఎలాగూ కలిసి ఉండటం ఇష్టం.

జనీన్ హాస్కింగ్


టౌన్స్‌విల్,
2023 జులై 31

అత్తా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నాకు తెలీదు. ఒట్టు, తెలీదు. ఆ చివరి వాక్యం రాసిన చేతిని నరుక్కోవాలనిపిస్తోంది. చిన్నప్పుడు వాల్ ఆంటీ నాకు చిప్స్ ఒక గుప్పెడు ఎక్కువ వేసి, "మీ అత్తకి చెప్పకు" అనేది.

కానీ ఆవిడ ఇంటి హీటర్ నేను ఆర్పలేదు. అంత చలిగా ఉందని నువ్వు ఒక్కసారి రాశావా? ప్రతి ఉత్తరంలోనూ జోకులే. క్యాబేజీ జోకు, గురక జోకు. నీ జోకుల్లోంచి నాకేం అర్థం కావాలి?

నోటీసు వెనక్కి తీసుకోలేను. మాకు వేరే దారి లేదు.

జనీన్


బల్లరాట్,
2023 సెప్టెంబర్ 17

ఇల్లు అమ్ముకున్న జనీన్‌కి శుభాకాంక్షలు.

ఫెలిసిటీ నీకు ధర మాత్రమే చెప్పి ఉంటుంది. అది అంత ఎందుకు పడిపోయిందో చెప్పే ధైర్యం ఆ పిల్లకి ఉండదు. నేను చెబుతాను.

ఇల్లు చూపించే శనివారం అద్దెకున్నవాళ్ళు బయటికి వెళ్ళాలని చట్టమేమీ లేదు. లైబ్రరీలో కనుక్కున్నాను. కాబట్టి నేను మంచి గౌను వేసుకుని, లిప్‌స్టిక్ పూసుకుని, హాల్లో సోఫాలో కూర్చున్నాను. వచ్చినవాళ్ళందరికీ వెన్న రాసి వేడివేడి స్కోన్ రొట్టెలు పెట్టాను. తినే నోరు ప్రశ్నలడుగుతుంది.

మొదట ఒక కొత్త జంట వచ్చింది. "చక్కటి వెలుతురు" అని మురిసిపోతోంది ఆ అమ్మాయి.

"అవునమ్మా, వెనక గది గోడ పగులులోంచి ఇంకా బాగా వస్తుంది" అన్నాను. అతని చేతికి ఒక గోలీ ఇచ్చి నేల మీద వదలమన్నాను. అది ఈ మూల నుంచి ఆ మూలకి దొర్లుకుంటూ పోయింది. ఇంటి కింద పునాది దిమ్మలు కుంగాయని నీకూ తెలుసు. ప్రకటనలో మాత్రం 'పాతకాలపు అందం' అని రాయించారు.

తర్వాత ఒక నర్సు, ఆవిడ తల్లి. స్నానాల గది చూస్తున్నారు. "ఆ తొట్టి బాగానే ఉంటుందండీ. మా తమ్ముడు అందులోనే పోయాడు. రెండు రోజులు ఎవరూ చూడలేదు" అన్నాను. ఆ తల్లి సగం తిన్న స్కోను కిటికీ గట్టు మీద పెట్టేసి బయటికి వెళ్ళిపోయింది. ఫెలిసిటీ మొహం సున్నం కొట్టినట్టయింది. "మిసెస్ పాస్కో, ప్లీజ్!" అంటుంది. "మిస్ పాస్కో" అన్నాను. "పెళ్ళి చేసుకోలేదు, చేసుకుని ఉంటే సొంత ఇల్లు ఉండేది."

మూడు వారాల్లో పన్నెండు జతలు వచ్చి వెళ్ళాయి. చివరికి కలినికోస్ వచ్చాడు. ఊళ్ళో మూడు చేపల కొట్లున్నాయి అతనికి. ముసలాడు, ఘటికుడు. నా కథలన్నీ విని కడుపు పట్టుకుని నవ్వాడు.

"తొట్టిలో చచ్చింది అబద్ధమే కదా?" అన్నాడు.

"అబద్ధమే."

"గోలీ?"

"నిజం."

"అయితే గోలీకే ధర తగ్గిస్తాను" అన్నాడు. తగ్గించాడు. చాలా తగ్గించాడు. నువ్వు అంత తొందరపడి ఎందుకు ఒప్పుకున్నావో నాకు తెలీదు, నీ ఇష్టం. కాగితాల మీద సంతకాలయ్యాక నాతో, "నువ్విక్కడే ఉండు. నీలాంటి మనిషి ఇంట్లో ఉంటే దొంగలు రారు" అన్నాడు. రెండేళ్ళకి రాసిచ్చాడు. అద్దె నీకు కట్టినదానికంటే తక్కువ.

రక్తసంబంధం కంటే చేపల కొట్టువాడు నయమని ఈ వయసులో తెలుసుకున్నాను.

ఆరోగ్యం జాగ్రత్త.

మిస్ నార్మా పాస్కో


టౌన్స్‌విల్,
2023 నవంబర్ 25

అత్తా,

నువ్వు గెలిచావు. ఏం గెలిచావో కూడా చెప్పాలి కదా, అందుకే రాస్తున్నాను.

ఫిబ్రవరిలో డారిల్ వర్క్‌షాపులో ఇంజను ఎత్తుతుంటే భుజంలో కండరం తెగింది. అప్పటినుంచి పని లేదు. పరిహారం ఇచ్చేవాళ్ళు రెండు నెలలు ఇచ్చి ఆపేశారు. ఇంటిపట్టున ఉంటున్నాడని నేను రాసింది అందుకే. నేను పగలు పళ్ళ డాక్టర్ దగ్గర రిసెప్షన్, సాయంత్రం సూపర్‌మార్కెట్‌లో అరలు సర్దడం. ఆ సముద్రం ఒడ్డు వారం నీకు భలే నచ్చిందిగా? ఆ వారం ఇంట్లో కరెంటు తీసేశారు. పిల్లలకి విహారమని చెప్పాం. చేపలు పట్టకపోతే ఆ పూటకి తిండి లేదు. వల విసరలేక డారిల్ ఒంటిచేత్తో గాలం వేస్తుంటే టెస్ చప్పట్లు కొట్టింది. 'మనం ఎప్పుడూ ఇలాగే ఉందామమ్మా' అంది. అది నీకు రాశాను. ఎందుకు రాశానో తెలుసా? నువ్వు బెంగపడకూడదని.

నాన్న ఇల్లు మామూలు ధరకి పోయి ఉంటే ఆ అప్పు తీరి, ఇక్కడి బకాయి కట్టి, ఒక ఏడాది ఊపిరి పీల్చుకునేవాళ్ళం. ఎందుకు తొందరపడ్డావని అడిగావు. బ్యాంకు పెట్టిన గడువు ఆఖరి వారం అది. ఆ ధరకైనా అమ్మకపోతే రెండూ పోతాయన్నారు. అమ్మినా చాలలేదు. ఈ ఇల్లూ బ్యాంకే అమ్ముకుంది. ఇప్పుడు రైలు పట్టాల పక్కన కారవాన్ పార్కులో, చక్రాల మీది ఒక రేకు బండిలో ఉన్నాం. నలుగురం, రెండు పరుపులు, రేకు కింద ఉడికిపోతున్నాం. ఇమోజెన్ పన్నెండో తరగతి చివరి టర్మ్‌లో బడి మానేసింది. రొయ్యల షెడ్డులో తలలు గిల్లుతోంది. దాని వేళ్ళు చూస్తే నీకు మళ్ళీ నవ్వొస్తుందేమో.

నేను ఎందుకు చెప్పలేదంటావు. చెబితే నువ్వు రొట్టె కూడా మానేసి డబ్బు పంపుతావని. నువ్వు ఎందుకు చెప్పలేదని నేనూ అడుగుతున్నాను. చలిగా ఉంది జనీన్, ఈ అద్దె కట్టలేను జనీన్. రెండు వాక్యాలు. క్యాంటీన్‌లో ఆరువందల మందితో ముప్ఫై ఏళ్ళు అరిచిన నోటికి ఆ రెండు వాక్యాలు రాలేదా?

ఇక నాన్న సంగతి. నా చేతుల్లో పోయాడు. నువ్వు పక్కనే ఉన్నావు. ఆయన చావుని స్కోన్లతో పాటు పళ్ళెంలో పెట్టి అందరికీ పంచావు. అప్పు ఎప్పటికైనా తీరుతుంది. అది తీరదు.

జనీన్


బల్లరాట్,
2023 డిసెంబర్ 6

జనీన్, నా బంగారం,

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టాను, నేల మీద కూర్చుని ముగించాను.

చలిగా ఉంది జనీన్. అద్దె కట్టలేకపోయాను జనీన్. మే నెల నుంచి ఒక పూటే తిన్నాను. ఇప్పుడు రాశాను. ఎంత తేలికో చూడు.

సమర్థించుకోను. నువ్వు నన్ను బిచ్చగత్తెలా చూస్తున్నావనుకున్నాను, నువ్వే బిచ్చగత్తె అయ్యావని తెలీదు. చూశావా, క్షమాపణ అడుగుతూ కూడా నోరు ఎలా పోతోందో! ఇది నోరు కాదు, జబ్బు. వాల్ ఉంటే కాలు తొక్కేది.

మీ నాన్న డెస్ గురించి అన్న మాట ఆ రోజు నుంచీ నన్ను ఆ గదిలోకి వెళ్ళనివ్వడం లేదు. వంటింటి సింకు దగ్గరే ఒళ్ళు తుడుచుకుంటున్నాను. నిజంగా ఆ తొట్టిలో ఎవరో ఉన్నట్టే అనిపిస్తోంది.

ఇప్పుడు పనికొచ్చే మాట. నలుగురూ ఇక్కడికి వచ్చేయండి. కలినికోస్‌ని అడిగాను. "ఎంతమంది వస్తే అంతమందిని పెట్టుకో, కానీ నా కొట్టుకి పని చేసేవాళ్ళు కావాలి" అన్నాడు. డారిల్ ఒంటిచేత్తో గల్లాపెట్టె దగ్గర కూర్చోవచ్చట. ఇమోజెన్ జనవరి చివర్లో మళ్ళీ బడికి వెళ్ళచ్చు, నా పాత స్కూలే, హెడ్‌మాస్టర్ నా చేతి కూడు తిన్నవాడే. వెనక గది మీకు. గోడ పగులుకి కలినికోస్ సిమెంటు వేయించాడు. నేను హాల్లో పడుకుంటాను.

కవర్లో మూడు వందల డాలర్లు పెట్టాను. ఇది ఎవరి యంత్రం అమ్మిన డబ్బూ కాదు. బస్సుకి అవుతాయి.

నన్ను తిట్టు. కానీ వచ్చి తిట్టు. మొహం మీద తిట్టు. నువ్వు తప్ప ఇంకెవరూ లేరు నన్ను తిట్టడానికి.

అత్త


టౌన్స్‌విల్,
2024 జనవరి 19

అత్తా,

నీ డబ్బు అందింది. తిప్పి పంపాలనుకున్నాను. కవరు మీద చిరునామా కూడా రాశాను. ఆ మర్నాడు వానకి పైకప్పు కారి పరుపులు రెండూ పాడైపోయాయి. కొత్తవి కొన్నాం. థాంక్స్ చెప్పను. తీసుకున్నానని చెప్పడానికే రాస్తున్నాను.

మేం రాము.

నీ ఉత్తరం చదివిన రోజు నిజంగానే మనసు ఊగింది. డారిల్‌తో అన్నాను కూడా. "ఆవిడ స్కోన్లు తినగలవా?" అన్నాడు. అంతే అన్నాడు. నేను ఆ ఇంటి గుమ్మంలోకి రావడం, నువ్వు టీ పెట్టడం, ఆ స్నానాల గదికి టెస్‌ని పంపడం ఒక్కొక్కటీ ఊహించుకున్నాను. చేతకాలేదు. నేను వచ్చినా నువ్వు నా మొహంలో వాల్ ఆంటీని చూస్తావు. చూడనంటావు, కానీ చూస్తావు. ఏదో ఒక రోజు, క్యాబేజీ కోస్తూ, నవ్వుతూ, ఒక మాట అంటావు.

క్రిస్మస్ రోజున ఇమోజెన్ మొండికేసింది. "నార్మా అమ్మమ్మ దగ్గరికి వెళ్దాం. ఆవిడ మనల్ని రానివ్వకుండా ఉంటుందా? ఉత్తరం రాయమ్మా" అంది. టెస్ అప్పుడే తన బట్టలు సంచిలో కుక్కుకుంటోంది. నువ్వు రమ్మన్నావని చెబితే ఆగరు. ఎందుకు వెళ్ళకూడదో చెప్పాలంటే వాళ్ళ తాతయ్య గురించి నువ్వన్నది చెప్పాలి, వాల్ ఆంటీకి నేను చేసింది చెప్పాలి. రెండూ నా నోట రాలేదు.

అందుకని నువ్వు పోయావని చెప్పాను.

ఎలా పోయిందని ఇమోజెన్ అడిగింది. చలికి అన్నాను.

ఇద్దరూ చాలా ఏడ్చారు. ఇంత ఏడుస్తారనుకోలేదు. వాళ్ళు నిన్ను చూసి ఆరేళ్ళయింది కదా, తేలిగ్గా పోతుందనుకున్నాను. టెస్ పార్కు కంచె దగ్గర రాళ్ళు పేర్చి నీకో సమాధి కట్టింది. రోజూ పొద్దున్నే దాని మీద ఏదో ఒక పువ్వు పెడుతుంది. నేనూ పక్కన నిలబడి తల వంచుతాను. మొదట్లో నటించాను. ఇప్పుడు అంత నటించనక్కర్లేకుండా ఉంది.

ఇకమీదట రాయకు. ఇక్కడ ఉత్తరాలన్నీ పార్కు ఆఫీసుకి వస్తాయి, రోజూ టెస్సే అడిగి తెస్తుంది. నీ పోయిన ఉత్తరం నా చేతికి రావడం దాని జ్వరం వల్ల.

జనీన్